పుచ్చు లేని వంకాయలు

ఆ శుక్రవారం పొద్దున ఆంజినమ్మ అనుకున్నదాంట్లో తిరకాసు ఏమీ లేదు. అనంతపురం ల్యాబు నుంచి సారు వస్తాడు. వంగతోటలో నాలుగు కాయలు, దోసెడు మన్ను తీసుకుంటాడు. చాయ్ తాగి వెళ్ళిపోతాడు. ఎండ ముదిరేలోగా ఆమె కలుపు తీసుకుని, ఇంత సంకటి కెలుక్కుని తిని, కాసేపు నడుం వాలుస్తుంది.

ల్యాబులో ఆ కాయలను మెత్తగా రుబ్బి మిషన్‌లో పెడితే, వాటిలో ఏ పురుగుమందు ఎంత మిగిలి ఉందో తేలిపోతుందట. మన్నును కూడా అలాగే చూస్తారట. ఏమీ లేదని తేలినవాళ్ళకు, మందు లేని కూరగాయలు అమ్ముకోవడానికి అనంతపురంలో ఒక అంగడి ఇస్తారు. కుందుర్పి మండలం మొత్తానికి అంగడి ఒక్కటే. ఆంజినమ్మ ఊరి నుంచి పేర్లు ఇచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు ఆంజినమ్మ. రెండోవాడు గట్టుకు అవతల తోట ఉన్న ఆమె మరిది ఓబిలేష్.

ఆంజినమ్మకు అంగడి మీద పెద్ద ఆశ లేదు. ఆమెకు కావలసింది వేరు. భర్త కదిరప్ప పోయినప్పటి నుంచి ఆమె తన తోటలో చుక్క మందు పడనివ్వలేదు. కదిరప్ప ఒక వేసవిలో టమోటా తోటకు మందు కొడుతూ కొడుతూ గట్టు మీద చతికిలబడ్డాడు. "మే, నాకు కండ్లు కనపడల్యా" అన్నాడు. నోట్లో నురగ వచ్చింది. ఆటోలో వేసుకుని కళ్యాణదుర్గం తీసుకుపోతుంటే దారిలోనే ఆమె ఒళ్ళో చల్లబడ్డాడు. ఆ రోజు కట్టుకున్న చీరను ఎన్నిసార్లు ఉతికినా మందు వాసన పోలేదు. చివరికి ఆమే దాన్ని పొయ్యిలో పెట్టింది.

అప్పటి నుంచి పురుగులకు ఆమె తోట పుట్టిల్లయింది. కాయకొక రంధ్రం, రంధ్రానికొక కాపురం. సంతలో ఆమె గంప ముందు నిలబడినవాళ్ళు కాయను తిప్పి చూసి, అక్కడే పెట్టి పోయేవాళ్ళు.

"మా వదిన వంకాయలు కొన్నోళ్ళు అదృష్టవంతులప్పా, కూరలోకి మాంసం కూడా దాంట్లోనే వస్తుంది" అని ఓబిలేష్ నలుగురిలో నవ్వించేవాడు.

కానీ ఈ మధ్య అతను నవ్వడం మానేశాడు. ఒకనాటి సాయంత్రం ఊరిపెద్దలను ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వదినా, ఉన్నమాట చెప్తాండా. నీ పురుగులన్నీ గట్టు దాటి నా తోటలోకి వస్తాండాయి. బోరు ఇద్దరిదీ. మోటరు నాది. ఈ పరీక్షలో నీ తోట నెగ్గిందా, నేను నోరెత్తితే చెప్పు. నెగ్గల్యా అంటే మాత్రం నీ తోటకు గూడా నేనే మందు కొడతా. ఇంక నీ ఏడుపు వినేది ల్యా."

పెద్దలు తలలూపారు. ఆంజినమ్మ కూడా ఊపింది. చుక్క మందు కొట్టని తోట పరీక్షలో ఓడిపోవడం ఎలాగో ఆమెకు తోచలేదు. పైగా పేర్లు రాసుకున్న నాడు ఓబిలేష్ కూడా ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "ఈ పంటకు నేనూ మందు ముట్టల్యా సార్" అని అందరి ముందూ చెప్పి ఉన్నాడు. నలుగురిలో చెప్పిన మాట కదా, ఆమె నమ్మింది.

సారు పేరు విష్ణువర్ధన్. మోటార్ సైకిల్ దిగి మొదటి అడుగు వేయడమే కంపముల్లు మీద వేశాడు. ముల్లు చెప్పు అట్ట దాటి మడమలోకి దిగింది. ఆంజినమ్మ, ఓబిలేష్ పెళ్ళాం మారెక్క చెరొక రెక్క పట్టుకుని ఆయన్ను వేపచెట్టు కింద మంచం మీదికి చేర్చారు. ఓబిలేష్ ఊళ్ళో లేడు, మోటరు వైండింగుకు రాప్తాడు పోయాడు.

"తోటలోకి నేనే పోయి కోయాలమ్మా. రూలు అది" అన్నాడు సారు, మడమ పట్టుకుని మూలుగుతూ.

"ఈ కాలితో యాడికి పోతారు సార్? మేము కోసుకొస్తాం. కూసోండి" అంది ఆంజినమ్మ.

సారు మడమను చూసుకున్నాడు, తోటకున్న దూరాన్ని చూశాడు, రూలును కాసేపు పక్కన పెట్టాడు. "సరే. ఒక్క చెట్టువే కాకుండా అన్ని మూలల నుంచీ కోయండి. మన్ను కూడా అంతే" అని చెప్పి కవర్లు ఇచ్చాడు.

ఆంజినమ్మ అంతకుముందే, తెల్లవారుతూనే తోటంతా గాలించి, పుచ్చు లేని కాయలను ఏరి పెట్టుకుని ఉంది. తోటంతటికీ అవి ఒక ముంతెడు దొరికాయి. ఇంటికి వచ్చిన మనిషి చేతికి మట్టి కాయలు ఇవ్వడం ఏం మర్యాద? వాటిని తొట్టిలో పట్టిపెట్టిన బోరు నీళ్ళలో శుభ్రంగా కడిగి, కొంగుతో తళతళలాడేలా తుడిచి, సారు ముందు పెట్టింది.

సారు నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, కడిగినారా! కడిగితే పైనుండే మందు పోతుంది కదమ్మా."

"పోయేకి మందు యాడుండాది సార్?"

"అది చెప్పాల్సింది మీరు కాదమ్మా, మిషను. ఇవి పనికిరావు. కడగకుండా, తుడవకుండా వేరేవి తెండి."

పనికిరాని కాయలను ఏం చేయాలి? "ఇంట్లో అమ్మగారికి ఇయ్యండి సార్, గుత్తొంకాయ చేస్తుంది" అని ఆంజినమ్మ వాటిని సారు సంచిలో వేసేసింది. ఆ విధంగా తోటలో పుచ్చు లేని కాయలన్నీ సారు సంచిలోకి పోయాయి. చెట్ల మీద మిగిలినవన్నీ కాపురాలున్న కాయలే.

ఆమె గట్టు మీద నిలబడి ఆలోచించింది. ఈ కాయలు అనంతపురం దాకా పోతాయి. అక్కడ చదువుకున్నవాళ్ళు ముట్టుకుని చూస్తారు. రుబ్బేటప్పుడు పురుగు బయటికి వచ్చి పాకితే? ఇది ఫలానా కదిరప్ప పెళ్ళాం తోట అని అనుకోరా? చుట్టం వస్తే పక్కింటి నుంచి మంచి గ్లాసులు తెచ్చి పెట్టుకోవడం ఎవరింట్లో లేదు? మందు లేని కాయలే కావాలి, అంతే కదా. ఓబిలేష్ తోటలోనూ మందు లేదాయె. వాడి చెయ్యి మంచిది, కాయలు నిగనిగలాడుతున్నాయి.

"మారెక్కా, మీ తోటలో ఇంతన్ని మంచి కాయలు ఇయ్యి మే. మావి చూసేకి బాగల్యా" అంది.

మారెక్క ముఖం పాలిపోయింది. "మావా? మావి వద్దులే అక్కా."

"ఏమ్మే, నాలుగు వంకాయలకు అంత యోచన?"

తోడికోడలు, అందులోనూ పెద్దది, నోరు తెరిచి కూరగాయలు అడిగితే లేవనే ఆడది ఆ ఊళ్ళో పుట్టలేదు. మొగుడు మొన్ననే రెండు రకాల మందులు కలిపి కొట్టాడని చెబితే, అతను నలుగురిలో అబద్ధం చెప్పినట్లు తేలుతుంది. మారెక్క కాయలు కోసి ఆంజినమ్మ ఒళ్ళో పోసింది. కోస్తున్నంతసేపూ ఏదో నోము నోచుకుంటున్నదానిలా పెదవులు కదుపుతూనే ఉంది.

ఇక మన్ను. ఇక్కడ ఆంజినమ్మకు రెండో చిక్కు వచ్చింది. శుక్రవారం పూట తోటలో మన్ను బయటికి ఇస్తే, దానితోపాటు ఇంటి లక్ష్మి కూడా వెళ్ళిపోతుంది. కదిరప్ప ఉన్న రోజుల్లో ఆమె ఇలాంటివి అంతగా పట్టించుకునేది కాదు. పోవలసింది పోయాక, మిగిలినదాన్ని పట్టుకోవడానికి ఏ కట్టుబాటునూ వదల్లేదు.

"సార్, మన్ను రేపు ఇస్తే కాదా?"

"రేపు వజ్రకరూరు పోవాలమ్మా. ఈ రోజే కావాలి."

ఆమె ఆలోచించి ఆలోచించి, రెండు తోటలకూ నడుమ బోరు దగ్గర ఉన్న జాగా నుంచి దోసెడు మన్ను ఎత్తింది. అది ఆమెది కాదు, ఓబిలేష్‌ది కాదు. ఎవరిదీ కాని మన్ను పోతే ఎవరి లక్ష్మీ పోదు. ఓబిలేష్ మందు కలిపేదీ, కొట్టిన తర్వాత పంపు కడిగి నీళ్ళు పారబోసేదీ సరిగ్గా అక్కడేనని ఆమెకు ఆ నిమిషంలో తట్టలేదు.

అప్పటికి మారెక్క ఆంజినమ్మ తోటలో నుంచి ఒడి నింపుకుని వస్తూ కనిపించింది.

"ఏమ్మే, నా తోటలో ఏం చేస్తాండావు?"

"ఇంట్లో కూరకు అక్కా" అంది మారెక్క, తల ఎత్తకుండా.

పురుగుల కాయలు కూరకు ఎందుకో అని ఆంజినమ్మ అనుకుంది, కానీ అడగలేదు. సారు ఇద్దరి కవర్ల మీదా పేర్లు రాసుకుని, కుంటుకుంటూ బండెక్కాడు.

పక్షం తిరక్కుండానే కుందుర్పిలో ఒక హాలులో రైతులందరినీ కూర్చోబెట్టారు. విష్ణువర్ధన్ సారు మైకు పట్టుకుని ముందుగా ఓబిలేష్‌ను పైకి పిలిచాడు.

"ఈయన వంకాయల్లో ఏ మందూ లేదు. మన్నులో కూడా లేదు. కాయలకు పుచ్చులున్నాయి. ఆ పుచ్చే ఈయన నిజాయితీకి సాక్ష్యం. అంగడి ఈయనకే."

చప్పట్లు కొట్టారు. ఓబిలేష్‌కు పూలదండ వేశారు. తన కాయలకు పుచ్చులెక్కడివో అతనికి అర్థం కాలేదు. కానీ దండ మెడలో పడ్డ తర్వాత అలాంటివి ఎవరూ అడగరు. దిగి వచ్చి పక్కవాడి చెవిలో గుసగుసలాడాడు. "నేను తెచ్చిన మందు అట్లాంటిది. మిషన్‌కు గూడా దొరకల్యా."

తర్వాత సారు గొంతు తగ్గింది. "ఆంజినమ్మ గారూ, ఉన్నారా?"

ఆంజినమ్మ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. చప్పట్లు కొడితే ఏం చేయాలో దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది.

"అమ్మా, మీ కాయల్లో ఉండాల్సిన హద్దుకు ఎన్నో రెట్లు ఎక్కువ మందు ఉంది. ఇక మన్ను సంగతి..." సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మన్ను చూసినాక మా మిషన్‌ను కడగడానికి మాకు ఒక పూట పట్టింది. ఇంత మందు కొట్టమని మీకు ఎవరు చెప్పినారమ్మా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"సార్, అవి నా కాయలు కావు సార్. పక్క తోటలో..."

"అమ్మా, ఫెయిలైనోళ్ళందరూ చెప్పే మాటే ఇది. మొన్న ఒకాయన ఆ టమోటాలు మా బావమరిదివి అన్నాడు."

ఈసారి అందరూ నవ్వారు. సారు మాత్రం నవ్వలేదు. "మీరు ఇచ్చిన వంకాయలు మా ఇంట్లో గుత్తికూర చేసుకున్నాం. పిల్లలు కూడా తిన్నారు. రిపోర్టు చూసినాక మా ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది" అన్నాడు, అభిమానం దెబ్బతిన్న మనిషి గొంతుతో.

ఆ హాలులో ఆమె కాకుండా మందు చుక్క లేని వంకాయలను తిన్న మనిషి ఆయనొక్కడే. ఆ సంగతి ఆయనకు చెప్పే వీలు ఆంజినమ్మకు లేకపోయింది. కదిరప్ప ప్రాణం తీసిందని ఆమె ఏ మందును వాకిలి దాటి రానివ్వలేదో, మండలం మొత్తంలో ఆ మందు ఎక్కువగా వాడిన రైతు ఆమేనని మైకులో చెప్పేశారు.

తిరుగుదారిలో ఆటో దిగి ఊళ్ళోకి నడుస్తుంటే, మారెక్క ఉన్నట్టుండి రాళ్ళ కుప్ప మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"అక్కా, నన్ను కొట్టు అక్కా. మావి ఇస్తే ఆయన అబద్ధం బయటపడుతుందని, నీ తోట కాయలే మావని ఇచ్చినా. మన్ను గూడా నీ తోటదే."

"మన్ను యాలమ్మే?"

"శుక్రవారం కదక్కా..." అంది మారెక్క ఏడుస్తూనే. "మా మన్ను ఎట్ల ఇచ్చేది?"

ఆంజినమ్మ ఆమెను తేరిపార చూసింది. తన మన్ను కదలకూడదని తను ఎవరిదీ కాని మన్ను ఎత్తింది. తన మన్ను కదలకూడదని ఇది తోడికోడలి మన్ను ఎత్తింది. కోపం రావలసిన చోట ఆంజినమ్మకు నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఆమె కూడా ఆ రాళ్ళ మీద కూర్చుంది. కాసేపటికి అది నవ్వో ఏడుపో మారెక్కకు తెలియలేదు. ఆంజినమ్మకూ తెలియలేదు.

"నేనేమో నా మొగుణ్ణి తిన్న మందును నా నోటారా అడిగి తీసుకుని, నా పేరు పెట్టి పంపిస్తిని" అంది చివరికి.

మరునాడు పొద్దున ఓబిలేష్ వీపున పంపు కట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. పంపు నిండా మందు కలిపి ఉంది. వెనకాలే మారెక్క పరుగున వచ్చింది.

"వదినా, పెద్దల ముందర అనుకున్న మాట. పక్కకు జరుగు."

ఆంజినమ్మ మొదటి సాలుకు అడ్డంగా నిలబడింది. మందు వాసన ముక్కుకు తగిలినా ఆమె కదలలేదు. "నా మీద కొట్టుకుంటా పో ఓబిలేషా. మీ అన్నను తీసుకపోయింది, నన్ను గూడా తీసుకపోనీ."

"ఇట్ల మాట్లాడితే ఎట్ల వదినా? మాట మాటే కదా?"

అతను పంపు పిడి మీద చెయ్యి వేశాడు. అప్పుడే జేబులో ఫోను మోగింది. విష్ణువర్ధన్ సారు. ఓబిలేష్ గొంతు తేనె అయింది. సారు మాటలు బయటికి కూడా వినిపిస్తున్నాయి.

"ఓబిలేష్ గారూ, అంగడి వచ్చే వారమే తెరుస్తాం. ఒక్క విషయం. ప్రతి కోతకూ మేము చెప్పకుండా వస్తాం, ఈసారి నేనే తోటలో దిగి కోస్తాను. మందు ఆనవాలు దొరికితే అంగడి పోతుంది, పేపర్లో పేరు వస్తుంది. మీకంటే మీ పక్క తోట ఆమెతోనే నాకు భయం. ఆమె కొడితే గాలికి మీ కాయల మీద పడుతుంది. ఆమె చుక్క మందు కొట్టకుండా చూసే బాధ్యత మీది. కాళ్ళు పట్టుకుంటారో, ఏం చేస్తారో!"

ఫోను ఆగిపోయింది. ఓబిలేష్ అలాగే నిలబడ్డాడు. వీపున పంపు నిండా మందు ఉంది. ముందు వదిన తోట ఉంది, వెనక తన తోట ఉంది. కొట్టడానికి మాత్రం జాగా లేదు.

"పారబోసేదానికి గూడా ల్యా. మన్ను గూడా చూస్తారంట" అంది మారెక్క. తర్వాత ఒక్క గుక్కలో మొత్తం చెప్పేసింది. నెగ్గినవి ఎవరి కాయలో, ఎవరి మన్నో అంతా.

ఓబిలేష్ పంపు దించి, దాని పక్కనే గట్టు మీద కూర్చున్నాడు. "అంటే నా అంగట్లో పెట్టేకి పుచ్చు కాయలు కావల్లనా?" అన్నాడు.

"కావల్ల."

"అవి మా వదిన దగ్గరనే ఉండాయి కదా."

"యాడ జూసినా ఆమె దగ్గరనే" అంది మారెక్క.

అతను ఆంజినమ్మ వైపు తిరిగాడు. ముఖం చూడలేక ఆమె కాళ్ళ వైపు చూస్తూ మాట్లాడాడు. "వదినా, నా తోటలో మందు అంతా పోయేదాకా నీ కాయలే నా పేరు మీద పంపిస్తాం. సారు మొన్న తోట చూసిందే ల్యా, వస్తే నీదే నాదని చూపిస్తాం. వచ్చే దుడ్లు నీవే. నాకు పరువు ఒక్కటి మిగిలితే సాలు."

"నాకు దుడ్లు వద్దు. ఈ గట్టుకు అటుగానీ ఇటుగానీ మందు పడగూడదు. నేను బతికుండేదాకా" అంది ఆంజినమ్మ.

"పడదు."

"సారుకు ఫోన్ చేసి నిజం చెప్తాం అక్కా. నీ పేరు చెడిపోతాండాది" అంది మారెక్క.

ఆంజినమ్మ గట్టుకు అటూ ఇటూ చూసింది. నిజం చెబితే తన పేరు బాగుపడుతుంది. అంగడి తనకే వస్తుంది. కానీ అప్పుడు ఓబిలేష్‌కు భయం ఉండదు. గట్టుకు అవతల మళ్ళీ పంపు మోగుతుంది. ఏదో ఒకరోజు మారెక్క ఒళ్ళో కూడా ఒక మనిషి చల్లబడతాడు.

"వద్దులే మే. మంచి పేరు పెట్టుకుని నేనేం చేసుకుంటా?" అంది.

ఆ తర్వాత ప్రతి వారం ఆమె కాయలు ఓబిలేష్ పేరు మీద అనంతపురం పోయాయి. పుచ్చు ఉందంటే మందు లేదని నమ్మే చదువుకున్నవాళ్ళు వాటిని ఏరి ఏరి కొనుక్కున్నారు. ఇక్కడ సంతలో మాత్రం ఆంజినమ్మ గంప దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా తగ్గిపోయారు. "ఆమె మందు ఎక్కువ కొడుతుందంట మే" అని కొనడానికి వచ్చిన తిరుపాలమ్మ, ఆమె వినేలాగే, పక్కదానికి చెప్పింది. ఆంజినమ్మ చివ్వున తలెత్తింది. మళ్ళీ దించుకుని, కాయల మీద నీళ్ళు చిలకరించుకుంది.

పరీక్షలో ఫెయిలైన రైతులకు జాగ్రత్తగా మందు కొట్టడం నేర్పిస్తామని ఒకరోజు కుందుర్పికి పిలిపించారు. వెళ్ళకపోతే లేనిపోని అనుమానం. ఆంజినమ్మ వెళ్ళి మొదటి వరసలో కూర్చుంది. గాలికి ఎదురుగా కొట్టకూడదని, ఎండలో కొట్టకూడదని సారు చెప్పాడు. ఆమె ప్రతి మాటకూ తలాడించింది. అన్నీ ఆమెకు ముందే తెలిసినవి. తెలిసిన విధమే వేరు. చివర్లో ఒక్కొక్కరికీ చేతి తొడుగులు, ముక్కూ నోరూ కప్పే మాస్కు ఊరికే ఇచ్చారు.

విష్ణువర్ధన్ సారే స్వయంగా ఆంజినమ్మకు మాస్కు తొడిగి చూశాడు. అది జారి గడ్డం కిందికి దిగింది.

"వదులైందమ్మా. మగవాళ్ళ సైజు ఇచ్చినట్లున్నారు. మారుస్తాను, ఇటివ్వండి."

ఆంజినమ్మ మాస్కును రెండు చేతులతో గుండెకు అదుముకుంది. "వద్దు సార్. ఇది సరిపోయే మనిషి మా ఇంట్లో ఉండె."

సారు ఆమె పేరుకు ఎదురుగా 'సరిపోయింది' అని రాసుకుని, తర్వాతి పేరు పిలిచాడు.